మూత పెట్టి తీసిన చిత్రం

వారం నుంచి సుభాషిణికి కాలు నేలమీద నిలవడం లేదు.

కొండమీది అబ్జర్వేటరీలో, చుక్కల వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్ ఆమె సొంత డిజైను. అద్దాలు ఎంచుకోవడం నుంచి పెట్టె బిగించడం దాకా అన్నీ ఆమే చూసుకుంది. అది తీసిన మొదటి చిత్రాల్లోనే, ఓ మసక చుక్క వెలుగులో, ఎవరూ ఎన్నడూ చూడని సన్నటి గీత కనబడింది. ఇంకేం, పిల్ల మబ్బుల్లో తేలుతోంది!

మర్నాడు పొద్దున్నే ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఆ గీతను ప్రకటించాలి. అంతకుముందు, తనకీ విద్య నేర్పిన కృపానందం మాస్టారికి చూపించింది.

ఆయన చాలాసేపు చూశారు.

"బావుందమ్మా. ఇంకొకటి తియ్యి."

"మిట్టమధ్యాహ్నం చుక్కలెక్కడున్నాయి మాస్టారూ?"

"చుక్క వద్దులే. డోము తెరవకు. టెలిస్కోపుకి మూత పెట్టి, దీపాలన్నీ ఆర్పేసి, చుక్కకి తీసినంతసేపూ తియ్యి."

మాస్టారికి వయసు మీదపడిందనుకుంది సుభాషిణి. వెలుగు పడకుండా ఖాళీ చిత్రాలు తను తియ్యకపోలేదు. అయితే అవన్నీ పెట్టె లోపల, కెమెరా ముందుండే తలుపు మూసి తీసినవి. సరే, గురువు మాట, కాదనడమెందుకని కూర్చుంది.

గంట తర్వాత తెరమీదకు చిత్రం వచ్చింది. చుక్క లేదు. రంగులు లేవు. అంతా నలుపే. ఆ నలుపు మధ్యలో, అదే చోట, గీత ఉంది.

సుభాషిణి కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ చూసింది. ఉంది.

స్క్రూలు విప్పి పెట్టె తెరిచింది. లోపల మోటారు తిరుగుతోందో లేదో తెలియడానికి తనే పెట్టించిన ఆవగింజంత దీపం వెలుగుతోంది. దాని వెలుగు రెండు రేకుల సందులోంచి సన్నటి గీతలా తిన్నగా కెమెరా మీద పడుతోంది.

"రేపు వాళ్ళకేం చూపించను మాస్టారూ?" ఏడుపొక్కటే తక్కువ.

"ఇప్పుడు తీసిందే."

"మీరు చిత్రం చూసినప్పుడే పట్టేశారు కదా! అప్పుడే చెప్పొచ్చుగా?"

కృపానందం గారు తల అడ్డంగా ఊపారు.

"నేనేం పట్టలేదమ్మా. నాకూ ఆ గీత తెగ నచ్చేసింది. అందుకే మూత పెట్టమన్నాను."