గవరమ్మ కాలి కింది పీట

సోమలింగస్వామికి ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే శ్రద్ధగా వింటారు, మాట మార్చేస్తారు, ఆ అడిగినవాణ్ణే ఏదో పనికి పురమాయిస్తారు. జవాబు ఆ పనిలో ఎక్కడో ఉంటుంది. దొరికితే సరి, దొరక్కపోతే మన ఖర్మ. వంశధార ఒడ్డున ఆయన ఆశ్రమంలో ఉన్న మా అందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగడం మానం.

ఆ వేసవిలో అడిగినవాడు భానుమూర్తి. ఆశ్రమం మంచిచెడ్డలన్నీ చూసుకునే శిష్యుడు, బుద్ధిమంతుడు. ఆశ్రమాన్ని స్థాపించిన పెద్దస్వామి పేరు వినబడితే చాలు, చేతిలో ఏమున్నా కింద పెట్టి దణ్ణం పెట్టే రకం.

"స్వామీ, పెద్దస్వామివారు మనకిచ్చి వెళ్ళినవాటిలో ఏది అట్టేపెట్టుకోవాలి, ఏది మార్చుకోవాలి? అది తెలిసేదెలా?"

వినడానికి వేదాంతంలా ఉంది గానీ, అసలు గొడవ కత్తిపీట గురించి.

మా వంటశాలలో ఒక పాత కత్తిపీట ఉండేది. పెద్దస్వామి స్వయంగా దాని ముందు కూర్చుని కూరలు తరిగేవారట. ఆయన కాలు ఆన్చినచోట టేకు పీట అరిగి గుంటపడింది. ఆయన తరవాత ఆ గుంటలో కాలు వేసింది గవరమ్మ. భర్త పోయాక ఆశ్రమానికి వచ్చి, ఆనాటినుంచి మా అందరికీ కూరలు తరిగిపెట్టిన మనిషి. ఇటు మాతో కబుర్లు చెబుతూనే అటు చూడకుండా చిక్కుడుకాయలు తరిగేసేది. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు పోయాయి. కింద ఎలాగో కూర్చుంటుంది గానీ, లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

భానుమూర్తి జాలిపడి బజారునుంచి కొత్తరకం కత్తిపీట తెచ్చాడు. బల్ల అంచుకు మర బిగించేస్తే సరి, స్టూలు మీద కూర్చుని హాయిగా తరుక్కోవచ్చు. స్టీలు కత్తి తళతళలాడుతోంది. గవరమ్మ మురిసిపోతూ కూర్చుంది. కానీ చెయ్యి నిలవలేదు. ఒక ముక్క లావు, ఒక ముక్క సన్నం. వంకాయ జారి వేలు తెగింది. మర్నాడూ అంతే. మూడోరోజున ఆమె కత్తిని కడిగి, తుడిచి, భానుమూర్తి దగ్గరికి వచ్చింది.

"నానెలిపోతాను బాబూ. మా మేనకోడలు రమ్మంది."

"కూరలు మేం తరుక్కుంటాం. నువ్వు ఊరికే ఉండమ్మా."

"ఊరికే కూకుని తింటే నాకు ముద్ద దిగదు."

మేనకోడలు రమ్మనలేదని మాకందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఈమె చాప పరుచుకునే చోటు కూడా లేదు. అయినా శిష్యులం మేం ఏం చేశాం? రెండు జట్లుగా చీలి వాదించుకున్నాం. పెద్దస్వామి కత్తిపీటని పక్కన పెట్టినందుకే ఇలా అయిందని కొందరు, ఈ కాలంలో నేలమీద కూర్చుని తరిగేవాళ్ళు ఎవరని కొందరు. పక్కగదిలో గవరమ్మ మూట కట్టుకుంటోంది. భానుమూర్తి ఆ ప్రశ్న పట్టుకెళ్ళింది అప్పుడే.

స్వామి అంతా విని, "గవరమ్మకి కాసిని బెండకాయలిచ్చి ఆ కొత్తదాని ముందు కూర్చోబెట్టు. నువ్వు ఆవిడ చేతులకేసి చూడకు," అన్నారు.

"మరెటు చూడమంటారు?"

"కాళ్ళకేసి."

భానుమూర్తి వెళ్ళి, బల్ల పక్కన గొంతుకూర్చుని చూశాడు. గవరమ్మ కుడికాలు నేలమీద ఏదో వెతుకుతోంది. బెండకాయ కత్తికి ఆనించే ముందు ప్రతిసారీ ఆ పాదం ముందుకెళ్ళి, దేన్నో తొక్కబోయి, ఉత్త నేల తగిలి వెనక్కి వస్తోంది. సరిగ్గా అప్పుడే చెయ్యి తడబడుతోంది. వచ్చి ఆ మాటే చెప్పాడు.

స్వామి లేచి వంటశాలలోకి వచ్చారు. పాత కత్తిపీటని తిరగేసి, రోకలితో కొట్టి, కత్తిని పీటనుంచి ఊడదీసేశారు. భానుమూర్తి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"స్వామీ, అది పెద్దస్వామివారిది."

"అందుకే కత్తి నువ్వు పూజగదిలో పెట్టుకో. ఎలాగూ అరిగిపోయింది. పీట నాక్కావాలి."

ఆ పీటని బల్లకింద, గవరమ్మ కాలి దగ్గర పెట్టారు. పాదం దానంతటదే వెళ్ళి గుంటలో కుదురుకుంది. ఆమె ఒక బెండకాయ తరిగింది, ఇంకోటి తరిగింది, ఆ తరవాత ఇక లెక్కే లేదు. "ఈ పళ్ళెం ఏమూలకి? పెద్దది తెండి," అని మామీద కసిరింది. ఆ కసురు విని నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. సాయంత్రానికల్లా మూట విప్పేసింది.

భానుమూర్తికి మాత్రం మనసు కుదుటపడలేదు. "కత్తి బల్లకి బిగించి ఉంది కదా స్వామీ. ఆ పీట ఇప్పుడు దేన్నీ ఆపడంలేదు. ఆవిడ ఉత్తినే తొక్కుతోంది," అన్నాడు.

వానలు పడ్డాయి. ఒక ఉదయం ఎవరో వంటశాల ఊడుస్తూ పీట తీసి గోడకి ఆనించి, మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. గవరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముసురుని తిట్టుకుంటూ ఆనపకాయ తరగసాగింది. ముక్కలన్నీ ఒక్క తీరుగా పడుతున్నాయి. రెండు పాదాలూ ఉత్త నేలమీద నిమ్మళంగా ఉన్నాయి. పీట లేదన్న సంగతే ఆమెకు తెలియదు.

భానుమూర్తి చూశాడు. కంగారుపడి ఒక్క అంగలో వెళ్ళి పీట తీసుకుని బల్లవైపు తిరిగేసరికి, గుమ్మంలో నిలబడి ఉన్న స్వామి అతని భుజం పట్టుకుని ఆపారు.

"పెట్టకు. చెప్పకు కూడా," అన్నారు మెల్లగా.

"ఎప్పుడో చూసుకుని కంగారుపడితే?"

"అప్పుడు అడుగుతుంది. అడిగితే ఇద్దువుగాని."

భానుమూర్తి పీటని రెండు చేతులా గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయాడు. స్వామి అతన్నీ, ఆ పీటనీ చూసి నవ్వారు.

"అందాకా నీ దగ్గరే ఉండనీ. నీకింకా కొన్నాళ్ళు కావాలి."