ఖాసింబీ మేడం కోపం

"యా గేరి పాపవు నువ్వు?" అని అడిగాడు ముసలాయన.

ఓబులపతిగారు మా వార్డులో చేరి అప్పటికి వారమైంది. మతిమరుపు జబ్బు బాగా ముదిరిపోయింది. కన్నకొడుకుని చూసి ఎవరో బాడుగ మనిషి అనుకునేవాడు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. ఆ పూట ఆ పని నాకు పడింది. నేనప్పుడు హౌస్ సర్జన్‌ని.

మా వైపు గేరి అంటే వీధి, ఏ గేరో చెబితే కులం చెప్పినట్టే. అబద్ధం చెప్పాలని నాకు తట్టలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. "మాది మాదిగేరి తాతా" అన్నాను.

ఆయన మూతి బిగించాడు. గ్లాసు పెదాలకి ఆనిస్తే తల పక్కకి తిప్పేసుకున్నాడు. "దూరం పో" అన్నాడు. కొడుకు పేరు మర్చిపోయాడు, భార్య పోయిన సంగతి మర్చిపోయాడు, అన్నం తిన్న సంగతి మర్చిపోయాడు. ఇది మాత్రం గుర్తుంది.

కొడుకు రామసుబ్బన్న గబగబా వచ్చాడు. "ఏమనుకోవద్దు పాపా, మా నాయనకు మతి లేదు" అన్నాడు. అని ఊరుకోలేదు. నేరుగా మా అసోసియేట్ ప్రొఫెసర్ వామనమూర్తి సారు గదిలోకి వెళ్లాడు. కాసేపటికే నన్ను ఆ మంచం దగ్గర్నుంచి తీసేసి నా తోటి హౌస్ సర్జన్ హిమజని కూర్చోబెట్టారు. నన్ను కింద ఓపీలో చీటీలు రాయమన్నారు.

"జబ్బు మనిషి మీద కోపం పెట్టుకోకూడదమ్మా సలోమీ. మనకి పేషెంటు ముఖ్యం. నువ్వే కొంచెం పెద్ద మనసు చేసుకోవాలి" అన్నారు సారు.

పెద్ద మనసట! ఎప్పుడు చూసినా మా మనసే ఎందుకు పెద్దది కావాలో, వాళ్ల మనసు ఎందుకు కాకూడదో అడగాలని నోటిదాకా వచ్చింది. నా ఇంటర్న్‌షిప్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. మింగేశాను.

ఇది జరిగిన చాన్నాళ్లకి, మొన్న ఖాసింబీ మేడం సంతాపసభలో మైకు పట్టుకున్నది ఈ వామనమూర్తి సారే. "మేడం శాంతమూర్తి. ఆమెకి కోపమంటే ఏమిటో తెలియదు" అన్నారు. ముందు వరసలో పెద్దలంతా తలలూపారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను, ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆవిణ్ణి కాల్చుకుతిన్నవాళ్లు వీళ్లు. ఇప్పుడు ఫొటోకి దండ వేసి, ఆవిడ కోపాన్ని కూడా ఆవిడతోపాటే పూడ్చిపెడదామని చూస్తున్నారు. నేను ఒప్పుకోను.

ఖాసింబీ మేడం మా ప్రొఫెసర్. దూదేకులవాళ్ల అమ్మాయి. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి, పెద్ద డాక్టరై, ముసలివాళ్ల మతిమరుపుని తన పనిగా పెట్టుకున్నారు. "బతుకులో క్యాలెండరు చూడని మనిషిని పట్టుకుని ఈరోజు తారీకెంత అంటారేమయ్యా? ఏ కార్తెలో ఏం విత్తుతావో అడగండి" అని మతిమరుపు పరీక్షల గురించి మీటింగుల్లో కొట్లాడేవారు. సుగాలి అవ్వ వస్తే సుగాలి మాట వచ్చినవాళ్లని వెతికి తెచ్చి, వాళ్లచేత అడిగించేవారు. అన్ని గేరుల పిల్లలూ అన్ని మంచాల దగ్గరా పని చేయాల్సిందే అనేవారు. శుక్రవారాలు రోగుల్ని చూసుకునే కోడళ్లనీ కూతుళ్లనీ వరండాలో కూర్చోబెట్టుకుని, మొండికేసిన మనిషికి స్నానం ఎలా చేయించాలో, తిట్టిన మనిషికి అన్నం ఎలా పెట్టాలో నేర్పేవారు. దానికి మా డిపార్ట్‌మెంటులో "అత్తాకోడళ్ల క్లాసు" అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో వేరే చెప్పాలా!

ఆ రోజు నేను ఓపీకి పోలేదు. నేరుగా మేడం గదికి వెళ్లాను.

"నన్ను ఈ వార్డు నుంచి తీసెయ్యండి మేడం. ఈ ముసలివాళ్ల వైద్యం నేను చెయ్యలేను."

"చెయ్యలేవా, చెయ్యవా?"

"చెయ్యను."

మేడం నావైపే చూస్తున్నారు. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. "జబ్బు జబ్బు అంటున్నారు అందరూ. జబ్బైతే నాకు కోపం రాకూడదా మేడం? తప్పా? ఇదొక్కటి చెప్పండి, పోతాను" అన్నాను.

మేడం కుర్చీలోంచి లేచారు.

"పా, ఆయప్పకు నీళ్లు తాపల్ల" అన్నారు.

వార్డులో హిమజ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. మేడం ఆ గ్లాసు తీసుకుని నా చేతికిచ్చారు. రామసుబ్బన్న గబుక్కున లేచి నిలబడ్డాడు. విషయం ఎవరు చెప్పారో గానీ వామనమూర్తి సారు కూడా వచ్చేశారు.

"ఆయన ఒప్పుకోడు మేడం. అడ్జస్ట్ చేసేశాం కదా" అన్నారు సారు.

మేడం వినిపించుకోలేదు. నేను మంచం పక్కన కూర్చున్నాను. ముసలాయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"యా గేరి పాపవు?"

నేను మేడం వైపు చూశాను. "చెప్పు" అన్నారు. చెప్పాను. ముసలాయన చేత్తో ఒక్క తోపు తోశాడు. నీళ్లన్నీ నా తెల్లకోటు మీద పడ్డాయి.

"జూసినారా మేడం? నేను చెప్తానే ఉండా" అన్నాడు కొడుకు. తండ్రి నీళ్లు తాగలేదన్న బాధ ఆ గొంతులో నాకు ఎక్కడా వినపడలేదు.

మేడం నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చారు. అక్కడ కటకటాల మీద ఎవరివో తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. "ఇంకా ఎందుకు మేడం నాకీ అవమానం?" అన్నాను. ఆవిడ అక్కడున్న కుండలోంచి గ్లాసు తనే నింపారు. నింపుతుంటే ఆ విసురుకి సగం నీళ్లు నేల మీద పోయాయి. తొందర అనుకున్నాను మొదట. ముఖం చూశాక తెలిసింది, కోపం.

మళ్లీ నింపి నా చేతికిచ్చారు. "పా లోపలికి."

వెళ్లి అదే చోట కూర్చున్నాను. ముసలాయన నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నా కోటు ఇంకా తడిగానే ఉంది. దాన్ని వేలితో తాకాడు.

"వాన పడ్తాందా పాపా బయట?"

"లేదు తాతా. ఇంకా రాలేదు."

"వస్తాదిలే" అన్నాడు. గ్లాసుని, దాన్ని పట్టుకున్న నా వేళ్లని కలిపి రెండు చేతులతో పట్టుకున్నాడు. గటగటా తాగాడు. గడ్డం మీద కారిన నీళ్లు నేనే తుడిచాను.

అప్పుడు రామసుబ్బన్న మంచం మీదికి వంగాడు. "నాయనా, ఆ పాప ఎవురో తెలుసునా? ఆ పాపది యా గేరంటే..."

వామనమూర్తి సారు పక్కనే ఉన్నారు. ఆపలేదు.

మేడం తన చెయ్యి రామసుబ్బన్న మొహానికి అడ్డం పెట్టారు. కోపమొస్తే ఆవిడకి గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. చెయ్యి దించి, వాళ్లిద్దరికీ నమస్కారం పెట్టారు.

"అయ్యా, ఈ పెద్దాయనకైతే ఒక్కసారి బయటికి పోయి మళ్లీ వస్తే సరిపోయింది. తమరి కోసం మేము ఎన్నిసార్లు బయటికి పోయి రావల్ల?"