గోడలు కలిసే చోటు

నరబలి లేనిదే కోట నిలవదని మంచుసీమ రాజు నమ్మకం. పక్కపక్కనే సాగే జంటగోడలు కడుతున్న మేస్త్రీ ముత్తెలప్పనే బలికి ఎంచాడు.

"చిత్తం ప్రభూ! ఈ రెండు గోడలు కలిసే మూలలో నన్ను పాతిపెట్టండి," అన్నాడు ముత్తెలప్ప.

రాజు దూరంగా చూశాడు. పొగమంచులో గోడలు దగ్గరవుతున్నట్టే ఉన్నాయి.

"సరే, అక్కడే. కలిసేదాకా కట్టు!" అని కత్తి పట్టి ఒట్టేశాడు.

ముత్తెలప్ప రోజూ రెండు గోడల మీదుగా ఒక వెదురును ఏటవాలుగా పరిచేవాడు. మొదటి గోడతో అది చేసే కోణానికి తాటాకు కత్తిరించి, రెండో గోడ దగ్గర వెదురుకు అదే పక్కన ఆనించి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆ కోణాలు సమానంగా ఉన్నంతకాలం గోడలు కలవవు.

రోజూ గోడల మధ్య నడుస్తూ, ఎదురుచూసి ఎదురుచూసి రాజు చనిపోయాడు. గోడల మధ్య ఆయన అడుగుల చప్పుడు మాత్రం ఆగలేదు.

"ఇంకెంత దూరం?" అంటుంది మంచులోంచి గొంతు.

"కాస్త ముందుకే ప్రభూ," అంటాడు ముత్తెలప్ప, తాటాకు ఆనిస్తూ.