దొరగారి ఆకలిగొట్టు కార్డు

కంప్యూటర్లు వచ్చేసినా దొరలింకా పోని ఊరొకటి ఉండేదట. ఆ ఊరి దొర జగ్గభూపతి యుద్ధాల ఆట ఆడాలని, ఎవరో మార్పులు చేసి బలం పెంచిన గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు. తెర మీద బొమ్మలు గీసేది ఆ చిన్న ముక్కేనట, ఏం వింతో తల్లీ.

కంప్యూటర్లు బాగుచేసే సన్యాసమ్మ దాన్ని కంప్యూటరు పెట్టెలో బిగించి, "దీని ఆకలి పెద్దది దొరా. కరెంటు అందించే పాత డబ్బా చాలదు, పెద్దది కొనాలి" అంది.

"కార్డు కూర్చోడానికి చోటిచ్చాం కదా, ఇంకా కొనడాలేమిటి? పెట్టె నీ ఇంటికి పట్టుకుపో. రేపు భోజనానికొస్తా. బొమ్మ రాకపోతే నీ కొట్టు మూయిస్తా" అన్నాడు దొర.

మర్నాడు వచ్చాడు. సన్యాసమ్మ పీట వేసి, ఆకు పరిచి, నీళ్లు చల్లి, చేతులు కట్టుకు నిలబడింది. వంటింట్లోంచి గుమ్మడికాయ పులుసు వాసన వస్తోంది. దొర చూశాడు, చూశాడు.

"వడ్డించవేమే?"

"కూర్చోడానికి పీట వేశాను కదా దొరా. ఇంకా వడ్డన కూడానా?"

దొరకి కోపం రాబోయింది. పక్కనే బొమ్మ రాని కంప్యూటరు కనబడి ఆ కోపం ఆగిపోయింది.

"సరేలే, ఆ డబ్బా తెప్పిస్తా. ముందు పులుసు పొయ్యి."

"అదీ రానీండి దొరా. మీకూ, మీ కార్డుకీ ఒకే బంతిలో వడ్డిస్తాను."

దొర ఆకు ముందు నుంచి లేవకుండానే బజారుకి మనిషిని పరిగెత్తించాడు.