ఇరవై మూరల పంచె

ఒకానొక రాజ్యానికి లెక్కలొచ్చిన రాజు దాపురించాడు. పేరు ఉద్దండ భూపతి. బీజగణితంలో నాలుగు అధ్యాయాలు చదివి, తనకు తానే ‘గణిత సార్వభౌమ’ అనే బిరుదు తగిలించుకున్నాడు. ఎవరు ఏ మొర పెట్టుకున్నా ముందు ఒక లెక్క ఇచ్చేవాడు. కడుపు కాలి వచ్చినవాడికి లెక్క ఇస్తే ఏం చేస్తాడు? దండం పెట్టి వెనక్కి పోతాడు. రాజుగారు మీసం దువ్వుకునేవారు.

ఆ రాజుగారి బట్టల కొట్టుకు అధికారి నాగినేడు. మాటకారి, లెక్కల్లో దిట్ట. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఒకనాడు అద్దకంవాళ్ళ పెద్ద గంగులప్ప సభకు వచ్చాడు. ఏటి ఒడ్డున వాళ్ళు బట్టలు ఆరేసుకునే నేలను రాజుగారు విహారవనం కోసం లాక్కున్నారు. నలభై బారల పొడవు, ఇరవై బారల వెడల్పు ఉన్న నేల అది.

"తడిబట్ట పరవడానికి చోటు లేకపోతే మాకు అద్దకం లేదు, మహాప్రభో! ఎక్కడో ఒకచోట నేల చూపించండి. లేదంటే పిల్లాజెల్లాతో ఈ రాజ్యం విడిచిపోవాల్సిందే."

"చూపిస్తాం," అన్నాడు రాజు. "మీ పాత నేల చుట్టుకొలత నూట ఇరవై బారలు. కోటగోడ వెంట ఇచ్చే కొత్త నేలకీ అంతే. పొడవు మాత్రం వెడల్పుకు ఇరవై తొమ్మిది రెట్లు. వెడల్పెంతో చెప్పి తీసుకుపో."

గంగులప్ప నీలిమందు అంటిన చేతులు నలుపుకుంటూ నిలబడిపోయాడు. నాగినేడు మనసులో లెక్క కట్టాడు. తెలియని వెడల్పును ఒక పాలు అనుకుంటే, పొడవు ఇరవై తొమ్మిది పాళ్ళు. రెండూ కలిపి ముప్పై. చుట్టుకొలతలో సగం అరవై బారలు. అంటే పాలుకు రెండు బారలు. వెడల్పు రెండు, పొడవు యాభై ఎనిమిది! అది నేల కాదు, సందు. ఎనిమిది వందల చదరపు బారలు లాక్కుని నూట పదహారు చేతిలో పెడుతున్నాడు. నాగినేడుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వెడల్పు రెండు బారలు, ప్రభూ. ఇది అన్యాయం!"

"చుట్టుకొలత తగ్గిందా?"

"తగ్గలేదు. కానీ..."

"చుట్టుకొలత తగ్గకపోతే ఏదీ తగ్గనట్టే. ఇది మా సిద్ధాంతం!"

సభ చప్పట్లు కొట్టింది. కొట్టినవాళ్ళలో సగంమందికి చుట్టుకొలతంటే ఏమిటో తెలియదు. గంగులప్ప తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నాగినేడు కోపం దిగమింగి చేతులు కట్టుకున్నాడు. "దసరా పంచెకూ ఇదే సిద్ధాంతమా, ప్రభూ? మీ పంచె పొడవు ఎనిమిది మూరలు, వెడల్పు రెండు. చుట్టుకొలత ఇరవై మూరలు. అది తగ్గకుండా, పొడవు వెడల్పుకు ముప్పై తొమ్మిది రెట్లు వచ్చేలా నేయించమంటారా?"

ముప్పై తొమ్మిది రెట్లు అన్న మాట రాజు చెవికి ఘనంగా వినిపించింది. ఊరందరికీ లెక్కలిచ్చే మహానుభావుడు తన లెక్క తాను కట్టుకోలేదు. "నేయించు!" అన్నాడు.

దసరా నాడు రాజు నిండు సభలో కొత్త పంచె అందుకుని, తెర వెనక్కి వెళ్ళి కట్టుకుని, వచ్చి సింహాసనం ఎక్కాలి. విడిచిన పంచె అక్కడికక్కడే దానం ఇచ్చేయాలి. అది ఆ వంశపు ఆనవాయితీ. ఆ ఏడూ దానం జరిగింది, బాజాలు మోగాయి. తెర మాత్రం కదలలేదు.

"నాగినేడూ!"

తెర సందులోంచి కిరీటం పెట్టుకున్న తల ఒక్కటే బయటికొచ్చింది. "ఇదేమిట్రా? ఇది పంచా, గోచీ గుడ్డా?"

"వెడల్పు పావు మూర, పొడవు పది మూరలకు పావు తక్కువ. చుట్టూ కొలిస్తే సరిగ్గా ఇరవై మూరలు. కొలతాడు అందించమంటారా?"

"నీ తల తీయిస్తాను! వేరే పంచె తే!"

"అన్నీ కొత్తగా రంగు అద్దమని అద్దకంవాళ్ళకిచ్చాం, ప్రభూ. ఇంకా తడిగానే ఉన్నాయట. గోడ పక్క సందులో ఎండ తగిలేదెప్పుడు, ఆరేదెప్పుడు?"

ఎవరో కిసుక్కుమన్నారు. నాగినేడు మాత్రం నవ్వలేదు.

"తల తీయిస్తే తీయించండి. ఒక్క పూట గుడ్డ చాలకపోతేనే మీరు తెర దాటలేకపోతున్నారు. ఆ గంగులప్ప నోటికాడి కూడు లాక్కుని, ఏదీ తగ్గలేదని అతని మొహం మీదే అన్నారు. ఆ మాట ఇప్పుడు బయటికొచ్చి నలుగురి ముందూ అనండి. వింటాం!"

రాజు తన చేతిలోని పీలికను చూసుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? గోచీ గుడ్డతో నిలబడి కళ్ళెర్రజేస్తే ఎవరు భయపడతారు?

"గెలిచావురా! వాళ్ళ నేల వాళ్ళకే ఇచ్చేశాం. ఇదిగో, ఈ కంకణం నీకు. ముందు నాకో పంచె ఇప్పించు, నాయనా!" తెర సందులోంచి బంగారు కంకణం బయటికొచ్చింది.

కంకణం పుచ్చుకుని నాగినేడు చంకలోంచి పొడి పంచె మడత తీశాడు. ఎనిమిది మూరలు, రెండు మూరలు. కానీ అందించలేదు.

"చాటింపు ముందు, ప్రభూ. పంచె తర్వాత."

ఏటి ఒడ్డున దండోరా మోగేదాకా గణిత సార్వభౌముడు తెర వెనకే నిలబడ్డాడు. ఆ తర్వాత సభలో చుట్టుకొలత అన్న మాట ఎవరి నోట వచ్చినా, రాజుగారి చెయ్యి తనకు తెలియకుండానే పంచె మీదికి పోయేదట.