మోచేతి చెలమ

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. కునికేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి. ఇది మన తాతల తాతలు ఇంకా పాలు తాగుతున్నప్పటి మాట. సముద్రం ఒడ్డున, ఇసక దిబ్బల వెనక, ఒక చిన్న పేట ఉండేది. మగాళ్ళు తెప్పలేసుకుని వేటకెళ్ళేవారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవారు. ఆ పేటకి నుయ్యి లేదు. దిబ్బల మధ్య ఇసకలో చేత్తో గొయ్యి తవ్వితే నీరు ఊరేది. దాన్నే చెలమ అంటారు. ఆ నీళ్ళని కొబ్బరిచిప్పతో తోడి కుండ నింపుకునేవారు.

ఆ పేటలో దేశమ్మ అని ఒక ముసలమ్మ. వయసెంతో ఆమెకే తెలీదు. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు కాపురానికొచ్చానని చెప్పేది. ఆ ఉప్పెన చూసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, చివరికి దక్కినవాడికి దిష్టి తగలకూడదని తవుడు అని పేరు పెట్టుకుంది. తవుడిని పెంచింది, తవుడి పిల్లల్ని పెంచింది, పేటలో ఎవరి బిడ్డ గుక్కపట్టినా చంకనేసుకుంది. అందరికీ మామ్మే. అలాంటి మామ్మ మీద అనుమానం ఎవరికొచ్చిందనుకున్నారు? ఇంకెవరికి, కోడలికి.

కోడలి పేరు మరిడమ్మ. చెడ్డది కాదు సుమా. అత్తంటే ఇష్టమే. కానీ ఆ కళ్ళున్నాయే, అవి ఊరుకోవు.

ఒకరోజు పొద్దున్నే అత్త కుండ లేకుండా దిబ్బలకేసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా తడి ఇసక.

"ఎక్కడికెల్లేవత్తా?" అంది మరిడమ్మ.

"ఊరికే అమ్మీ, గాలికి."

మరిడమ్మ చూసింది. నోరు మెదపలేదు. మనసులో ఒక ముడి వేసుకుంది.

ఇంకోరోజు పక్కింటి గున్నమ్మ ఖాళీ కుండతో వచ్చి లబోదిబోమంది. "నిన్న నడుం లోతు తవ్వేను. ఇయాల ఎల్లి సూస్తే గొయ్యీ లేదు, గుర్తూ లేదు. ఎవలో పూడ్సీసినారు." మరిడమ్మ చూపు అత్త చేతుల మీదకి పోయింది. అదే ఇసక. చూసింది. నోరు మెదపలేదు. మనసులో ఇంకో ముడి వేసుకుంది.

మూడోసారి వెనకాలే వెళ్ళి మొగలి పొద చాటున నక్కింది. అత్త ఒక్కో చెలమ దగ్గరా వంగింది. లోపలికి చెయ్యి దించింది. తడి వేలు నాలిక్కి రాసుకుంది. ఏదో గొణిగింది. తర్వాత ఇసక తోసి ఆ చెలమని పూడ్చేసింది. మరిడమ్మ చూసింది. మూడో ముడి కూడా పడింది. మూడు ముళ్ళు పడ్డాక ఇంకేముంది, అనుమానం ఆ ఇంట్లో కాపురం పెట్టింది.

అప్పుడు మాత్రం నోరు ఆగలేదు. గున్నమ్మతో చెప్పేసింది.

"గొణిగిందా? అయితే సిల్లంగే. మన నీళ్ళకి మంత్రం ఏస్తంది" అంది గున్నమ్మ.

అంతే. పిల్లకి కడుపునొప్పొస్తే చిల్లంగి. వల చిరిగితే చిల్లంగి. నిన్నటిదాకా బిడ్డల్ని మామ్మ చంకలో పడేసి పనికి పోయిన తల్లులు, ఆమె ఎదురొస్తే బిడ్డని కొంగు కింద దాచుకున్నారు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయేవి. ఆ ముసలి ప్రాణం ఎంత నలిగిపోయిందో ఏమో.

తవుడు అడిగాడు. "అమ్మా, ఆ గోతులెందుకు పూడుస్తన్నావు? సెప్పీ, అందరి నోళ్ళూ మూయిస్తాను."

దేశమ్మ సముద్రంకేసి చూసింది. దూరాన రెండు తెప్పలు కనిపిస్తున్నాయి. "ఇప్పుడు కాదురా నాయనా" అంది.

"సూసేవా, దాస్తంది" అని మొగుడి చెవిలో అంది మరిడమ్మ. అత్తతో, "రేపట్నించి గడప దాటకత్తా" అంది. "సరేనమ్మీ" అని దేశమ్మ గోడకి జేరబడి కూచుంది.

ఇంక అడ్డెవరు? ఆడవాళ్ళు కావలసినంత లోతుకి తవ్వారు. కుండలు ఒక్క ఊపున నిండాయి. కొన్నాళ్ళు సంబరమే. తర్వాత గంజి ఉప్పగా తగిలింది. తర్వాత నీళ్ళే ఉప్పగా తగిలాయి. తర్వాత పసిపిల్లలు నోట్లో పోసింది పోసినట్టు ఉమ్మేశారు.

"ఇంట్లో కూకునే నీళ్ళని కట్టీసింది" అంది గున్నమ్మ. పెద్దలు కూచుని తేల్చారు, ముసల్దాన్ని తెప్పెక్కించి దూరంగా ఇంకో ఒడ్డున వదిలేసి రావాలని. మరిడమ్మ అక్కడే ఉంది. కాదనలేదు.

తెప్ప కట్టేలోపే దేశమ్మ మంచాన పడింది. పెద్ద ప్రాణం కొట్టుకుంటుంటే ఎవరూ వేటకి వెళ్ళకూడదని ఆ పేట ఆచారం. తెప్పలన్నీ ఇసక మీదకి లాగేశారు. మిట్టమధ్యాహ్నం దేశమ్మ కళ్ళు తెరిచింది.

"దాహం అమ్మీ."

మరిడమ్మ ముంతతో ఆ ఉప్పునీళ్ళే పోసింది. దేశమ్మ గుటక వెయ్యలేకపోయింది. నీళ్ళు బయటికొచ్చేశాయి.

"మోసెయ్యి దాటి తవ్వీసినారా?" అంది. గుమ్మంకేసి తల తిప్పి, "ఇయాల ఏటకి ఎవరన్నా ఎల్లేరా?" అని అడిగింది.

"ఒక్క తెప్పా కదల్లేదత్తా."

"అయితే సెప్పొచ్చు."

ఆ పేటలో ఇంకో కట్టడి ఉంది. ఒక్క మగాడు నీటి మీద ఉన్నా, సముద్రం ఇంటి కిందకొచ్చిందని ఆడది నోటితో అనకూడదు. అంటే ఆ మగాడు తిరిగి రాడని భయం. ఎప్పుడూ ఎవడో ఒకడు నీటి మీదే ఉంటాడు కదా. ఇన్నేళ్ళూ దేశమ్మ నోరు అలా మూతపడింది. కారణం చెప్పకుండా లోతు తవ్వొద్దంటే ఎవరు వింటారు?

"మన కాళ్ళ కింద గంగుందమ్మీ, ఈ సంద్రమే. తీపి నీరు దాని మీద మీగడలాగ తేల్తాది. మోసేతి లోతు దాకానే మనది. అది దాటితే కిందున్నది లేచొచ్చీస్తాది. తల్లీ, కిందకెల్లు, పిల్లలున్నారని బతిమాలి పూడ్సీదాన్ని. మా అత్త పోయేముందు నాకు సెప్పింది. నీకు నేను సెప్తన్నాను."

మరి నమ్మిందా? నమ్మలేదు. పోయేముందు తప్పు కప్పుకుంటోందేమోనని అనుమానం. చిప్ప పట్టుకుని దిబ్బల్లోకి పోయింది. ఎవరూ తవ్వని చోట మోచేతి దాకా తవ్వింది. నీరు ఊరేదాకా కూచుంది. నాలిక్కి రాసుకుంది. తియ్యగా ఉంది. అయినా ఒకటి చాలలేదు అనుమానం మనిషికి. రెండోది తవ్వింది, తియ్యగానే ఉంది. మూడోది తవ్వింది, అదీ తియ్యగానే ఉంది. అప్పుడు నమ్మింది. చిప్ప నింపుకుని, కాలే ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది.

వచ్చేసరికి తవుడు తల్లి కళ్ళు మూస్తున్నాడు.

మరిడమ్మ ఆ నీళ్ళు అత్త నోట్లో పోసింది. అవి చెంప మీదుగా కారి చాపలోకి ఇంకిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ గున్నమ్మ లోపలికి రాలేకపోయింది. ఆ మధ్యాహ్నం మరిడమ్మ ఏడ్చిన ఏడుపు పేటంతా విన్నది.

ఇప్పటికీ ఆ పేట ఆడపిల్లలు మోచెయ్యి దాటి తవ్వరు. తోడుకున్నాక పూడ్చకుండా ఇంటికి రారు. ఎందుకని అడిగితే, తెప్పలన్నీ ఒడ్డున ఉన్న రోజే చెబుతారు. తోడిన మొదటి చిప్పని మాత్రం కుండలో పొయ్యరు. "తాగు మామ్మా" అని ఇసకలో వొంపుతారు. ఆ చిప్పలో నీళ్ళు తియ్యగా ఉన్నాయో లేదో ఎవరూ రుచి చూడరు. రుచి చూసేలోపే ఒకసారి మామ్మ పోయింది కదా.