మేకు వంగిన చోటు

అబ్బులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. పని తెమిలేలోపు ప్రశ్న మరిచిపోయినవాళ్లున్నారు. పని ఎగ్గొట్టి ప్రశ్నతోనే ఇంటికి పోయినవాళ్లూ ఉన్నారు. బెల్లం కొట్టు రాఘవులు ఈ రెండు రకాల్లోనూ లేడు. పనినీ ప్రశ్ననూ ఒకేసారి నెత్తినెత్తుకుని తికమకపడటం అతని తీరు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, వాన అప్పుడే తెరిపిచ్చినవేళ, రాఘవులు గోదావరి గట్టు కిందనున్న గురువుగారి పాత ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"గురువుగారూ, తెల్లారగట్ల లేచి ధ్యానం చెయ్యమన్నారు, చేస్తున్నాను. అబద్ధం ఆడొద్దన్నారు, బేరంలో కూడా మానేశానండి. తమ్ముడితో మాట్లాడమన్నారు. అదొక్కటే నాకు ఎక్కటం లేదు. రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కొచ్చేశాను. మిగతావన్నీ అంత సులువుగా ఎక్కాయి కదా, ఇది నా కోసం చెప్పింది కాదేమోనండి?"

ఆ తమ్ముడి పేరు సూరన్న. తండ్రి దినం నాడు పదిమందిలో ఒక మాట వచ్చి అన్నదమ్ములు విడిపోయారు. మాట అన్నది రాఘవులే, అలిగిందీ రాఘవులే. ఆ పొద్దున సూరన్న మంచం పట్టాడనీ, ఇవాళో రేపో అన్నట్టున్నాడనీ కబురొచ్చింది. కబురు విన్న కాళ్లు తమ్ముడింటికి పోక గురువుగారింటికి వచ్చాయి.

అబ్బులు గారు అంతా విని, మూలనున్న తంబురా వైపు చూపించారు. "ముందు దాన్ని గోడకి తగిలించు. నేల చెమ్మకి చెద పట్టేలా ఉంది. మా గురువుగారు ఇచ్చింది, కింద పడితే మళ్లీ రాదు. గోడ లోపల తాటి గుంజలున్నాయి. మేకు గుంజలోకి దిగితేనే బరువు మోస్తుంది."

రాఘవులుకి ఒళ్లు మండింది. అక్కడ తమ్ముడు పోయేలా ఉంటే ఇక్కడ తంబురా ఏమిటి? అయినా గురువాజ్ఞ, సుత్తి అందుకున్నాడు. అది వెదురు తడికకు రెండు పక్కలా మట్టి మెత్తి కట్టిన గోడ. ఏటేటా సున్నం కొట్టగా కొట్టగా గుంజ ఎక్కడుందో, ఉత్త మట్టి ఎక్కడుందో తెలియకుండా నున్నగా తయారైంది. వేళ్లతో తట్టి చూశాడు. ఒకచోట డొల్లగా, ఒకచోట గట్టిగా వినిపించినట్టే ఉంది, మళ్లీ తడితే అంతా ఒక్కలాగే ఉంది. పోనీ గుంజలు సమంగా పాతి ఉంటారని మూరేసి కొలిచాడు. కట్టినవాళ్లకు ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. ఎంత కొలిస్తే అంత అయోమయం అయింది.

ఇక లాభం లేదని కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి మేకు మట్టి పొర దాటి ఠంగుమని ఆగింది. రెండు దెబ్బలు వేశాడు, మూడో దెబ్బకి వంగిపోయింది. "రాయేదో అడ్డుపడింది. కొయ్యయితే మేకు దిగనిస్తుంది గానీ ఇలా తిప్పికొడుతుందా?" అని గొణుక్కుని, దాన్ని అలాగే వదిలేసి బారెడు పక్కకి జరిగాడు. అక్కడ రెండో మేకు నాలుగు దెబ్బలకే తల దాకా దిగబోయింది. రాఘవులు ముఖం విప్పారింది. ఆ రోజు అతనికి సుఖంగా జరిగిన పని అదొక్కటే.

తంబురా ఎత్తబోతుంటే గురువుగారు వారించి, ప్రసాదానికి ఉంచిన సెనగల సంచీ చేతికిచ్చారు. "ముందు దీన్ని తగిలించు."

తగిలించి చెయ్యి తీశాడో లేదో, పిడికెడు మట్టి పెళ్లతో సహా మేకు ఊడొచ్చింది. సెనగలు గదంతా చిందాయి. ఆ చోట తంబురా ఉండి ఉంటే అనుకుంటూ రాఘవులు కిందికి వంగాడు. మోకాళ్ల మీద పాకుతూ సెనగలు ఏరుతుంటే తమ్ముడు గుర్తొచ్చాడు, ఏడుపొచ్చింది. దేనికి ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

ఏరినవన్నీ సంచిలో పోసుకుని అబ్బులు గారు గోడ దగ్గరికి నడిచారు. ఆ సంచీని వంగిన మేకుకి తగిలించారు. మేకు కదల్లేదు. సంచీ పట్టుకుని కిందికి లాగారు. అయినా కదల్లేదు.

"అది రాయి కాదాండీ?" అన్నాడు రాఘవులు.

"చేవ తేలిన తాడి గుంజ. మా తాతలనాటిది. దాంట్లో ఒక్క దెబ్బకి దిగుతుందనుకున్నావా?" అంటూ చూరులో దాచిన బరమా తీసిచ్చారు. "దీంతో తొలుచుకుని కొట్టు. నిదానంగా."

రాఘవులు తొలిచాడు. రెక్కలు పీకాయి, చెమటలు కారాయి, రంధ్రం మాత్రం గోరంత గోరంతగా దిగింది. చివరికి పెద్ద మేకు బిగిసింది. తంబురా తగిలించి వదిలితే ఒక తీగ తనంతట తానే సన్నగా మోగి ఊరుకుంది.

"పని అయిందండి. మరి నేనడిగిన దానికి..." అని నసిగాడు రాఘవులు. వచ్చినప్పటికంటే ఇప్పుడే తల ఎక్కువ తిరుగుతోంది.

"రెండుసార్లు వెనక్కొచ్చానన్నావే, ఎక్కడిదాకా వెళ్లొచ్చావు?"

"మొదటిసారి పిండిమర దాకా అండి. రెండోసారి..." రాఘవులు తన అరచేతికేసి చూసుకున్నాడు. "వాడి వాకిట్లోకి వెళ్లానండి. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. లోపల దగ్గు వినిపించింది. ఇంక ఆ చెయ్యి కదల్లేదు."

అబ్బులు గారు బరమాను చూరులోకి దోపి, గుమ్మంలో వదిలిన రాఘవులు చెప్పుల్ని కాలితో వీధి వైపు తిప్పారు.

"అయితే గుంజ ఉన్న చోటు దొరికింది కదయ్యా," అన్నారు.